ఎర్రమ్మ గిన్నెకు తొంభై నిమిషాలు

ఇంటి మంట పుస్తకం
ఇల్లు: పద్నాలుగో తలుపు, ఏడో సొరంగం, కొత్త సోంపేట, అంగారకుడు
మంట హక్కుదారు: బెవర దాలయ్య, వయసు 74, విశ్రాంత గాలి తనిఖీదారు
మంజూరైన మంట: ఏడాదికి తొంభై నిమిషాలు
వంటకం: గుమ్మడికాయ పప్పుపులుసు
అతిథి: చోడిపల్లి గున్నమ్మ, వయసు 79
అతిథితో బంధుత్వం: ఎదురింటావిడ

88వ సంవత్సరం, సోమవారం. మంట: వెలిగించలేదు. మిగిలినది: 90 నిమిషాలు.

ముందుగా తనిఖీదారు లీలారాణికి ఒక మాట. రిమార్కుల గడిలో రెండు వాక్యాలకు మించి రాయకూడదని నీకు నేర్పింది నేనే. ఎక్కువ రాసినవాళ్ళ పుస్తకాల మీద ఎర్రగీత కొట్టిందీ నేనే. ఇప్పుడు నేనే ఎక్కువ రాయబోతున్నాను. గడి చాలకపోతే కాగితం వెనక కూడా రాస్తాను. నెలాఖరుకు చదివేటప్పుడు విసుక్కోకమ్మా.

ఎదురింటి గున్నమ్మ శనివారం పొద్దున్నే వెళ్ళిపోతోంది. కూతురు నీలవేణి బండి తెచ్చి తను ఉండే పెద్ద గుమ్మటానికి తీసుకుపోతుంది. పదకొండు రోజుల ప్రయాణం. ఈ వయసులో ఆవిడ మళ్ళీ ఇటు రావడమనేది ఉండదు. అందుకని శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ఆవిడకు భోజనం పెట్టాలనుకున్నాను. ఉమ్మడి వంటశాల గొట్టంలోంచి వచ్చే ముద్ద కాదు, నిప్పు మీద నా చేత్తో వండినది.

ఇందులో చిక్కేమిటో నీకు తెలుసు, ఈ సొరంగంలో అందరికీ తెలుసు. గున్నమ్మ నాతో మాట్లాడి ముప్పై ఒక్క ఏళ్ళయింది. మా ఆవిడ సింహాచలంతో మాత్రం రోజూ మాట్లాడుతుంది. మా ఇంటికి వస్తుంది, కూర్చుంటుంది, నవ్వుతుంది. నేను అడ్డంగా ఉంటే, "సింహాచలం, ఆ మడిసిని కాస్త జరగమను" అంటుంది. నేను జరుగుతాను. సింహాచలం నోరు విప్పే పనే ఉండదు.

57వ సంవత్సరంలో ఎవరికీ మంట హక్కు లేదు. గాలి అంత కరువుగా ఉండేది. ఒకరోజు నా చేతిలోని పొగ మీటరు మోగింది. వెళ్ళి తలుపు తోస్తే గున్నమ్మ దొంగపొయ్యి మీద పప్పుపులుసు పెట్టుకుని ఉంది. ఎనిమిదేళ్ళ నీలవేణికి జ్వరం, నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు. నేను పొయ్యి ఆర్పాను. పులుసు చెత్తగొట్టంలో పారబోశాను. గిన్నె జప్తు చేశాను. చట్టం అదే. కానీ ఆ పిల్ల మంచం మీద నుంచి నన్ను చూస్తూనే ఉంది. ఒక్క గరిటె ఆ పిల్ల కంచంలో వేసి పారబోసినా ప్రపంచం మునిగిపోయేది కాదు. అది నేను చెయ్యలేదు.

ఇక అసలు సంగతి. జప్తు చేసిన లోహం కొలిమిలో కరిగించాలి. "కరిగించబడినది" అని రికార్డులో రాసి సంతకం పెట్టాను. కరిగించలేదు. కొలిమి దగ్గరకు వెళ్ళాక గిన్నె తిరగేస్తే అడుగున చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది: ఎర్రమ్మ, పలాస. గున్నమ్మ వాళ్ళ అమ్మ పేరు. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చిన పేరును నిప్పుల్లో పడెయ్యడానికి చెయ్యి రాలేదు. తెచ్చి మంచం కింద, పాత గాలిముసుగుల పెట్టెలో దాచాను. తిరిగి ఇచ్చేస్తే దొంగ సంతకం బయటపడుతుందని ఉద్యోగంలో ఉన్నంతకాలం భయం. దిగిపోయాక సిగ్గు. నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

ఇవాళ గిన్నె బయటికి తీశాను. ఇళ్ళలో ఉన్నవన్నీ అచ్చుపోసిన కంచాలు, మంట తగిలితే ముద్దయిపోతాయి. ఈ సొరంగంలో నిప్పు మీద పెట్టదగ్గ గిన్నె ఇదొక్కటే. సింహాచలం చూసింది.

"ఏటండీ ఇది? అప్ప గిన్నె కాదేటి?"

అవునన్నాను. గున్నమ్మను సొంత అక్కలాగ 'అప్ప' అనే పిలుస్తుంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు నా మంచం కిందా? దీనికోసం అప్ప ఏడుస్తంటే నాను పక్కన కూర్చుని ఊరుకోబెట్టాను. ఆ రాత్రి ఇంటికొచ్చి దీని మీదే పడుకున్నానన్నమాట!"

అప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడని ఆడవాళ్ళు ఇప్పుడు ఇద్దరయ్యారు. కబురు మోసేవాళ్ళు ఎవరూ లేరు.

మంగళవారం. మంట: 25 నిమిషాలు. మిగిలినది: 65.

పొద్దున్న సింహాచలం మాట్లాడింది. "గిన్నె ఎలాగిస్తారు?" అని అడిగింది. పులుసు వండి అందులోనే ఇస్తానన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసి, "అయితే నాను ఎళ్ళి ఎలాగ వండాలో అడిగొస్తాను" అంది. ఈ మనిషితో నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. నా అదృష్టం అని ఒక్కసారి కూడా పైకి అన్నట్టు లేదు. ఇక్కడ రాస్తున్నాను.

మేమిద్దరం ఇక్కడే పుట్టాం. వంట ఎరగం. ఈ సొరంగంలో వంట వచ్చిన మనిషి గున్నమ్మ ఒక్కతే. ఇరవయ్యేళ్ళ పెళ్ళికూతురుగా భూమి నుంచి వచ్చింది. సింహాచలం తనకోసం అడిగినట్టు అడిగి వచ్చింది.

"పప్పు ఎంతంట?"

"సరిపడా."

"ఉప్పు?"

"సూసుకుని."

"గ్రాముల్లో చెప్పమనలేకపోయావా?"

"అడిగాను. కంటికి తెలుస్తాదంది."

కంటికి తెలిస్తే ఈ ప్రపంచంలో తనిఖీదార్లు ఎందుకు?

మొత్తానికి తెలిసినవి: కందిపప్పు, గుమ్మడికాయ, చింతపండు, బెల్లం, ఉల్లిపాయ, పచ్చిమిరప, పోపు. ఇక్కడి గాలి పల్చన. నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ ఆ మరుగులో వేడి ఉండదు. అందుకని పప్పును రెండు రోజులకు తక్కువ కాకుండా నానబెట్టాలట. తోట సొరంగానికి వెళ్ళి కిలో కందిపప్పు, గుమ్మడి బద్ద తెచ్చాను. చింతపండు మాత్రం మందులకొట్లో దొరికింది, మలబద్ధకం సీసాల పక్కన. పప్పంతా నానబోశాను.

సాయంత్రం మంటపెట్టె మీద వేలిముద్ర వేసి ఉత్త నీళ్ళతో ఒకసారి పరీక్ష చేద్దామని వెలిగించాను. అలవాటు కొద్దీ ముందు పొగ పీల్చే పంకాను సరిగ్గా గిన్నె మీదకు దించి పూర్తి వేగంలో పెట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో జనానికి నేర్పిన పద్ధతి. పాతికో నిమిషానికి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. మంటలో ఉన్న వేడినంతా పంకా లాగేస్తోందని అప్పుడు తట్టింది.

సింహాచలం ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. బాగుందంది.

బుధవారం. మంట: వెలిగించలేదు. మిగిలినది: 65.

పిలుపు వెళ్ళింది. సింహాచలం గున్నమ్మను భోజనానికి పిలిచింది. ఎవరు వండుతున్నారో, ఏం వండుతున్నారో, దేంట్లో వండుతున్నారో చెప్పలేదు.

"వస్తాను. నీ ఇంటికొస్తాను. ఆ మడిసి ఇంటికి మాత్తరం రాను" అందట.

రెండూ ఒకే ఇల్లయినందుకు బతికిపోయాను.

"అప్పా, తొమ్మిదేళ్ళుగా నీకూ తొంభై నిమిషాల మంట వస్తంది కదా, ఒక్కసారీ వాడుకోలేదేం?" అని కూడా అడిగిందట సింహాచలం.

"దేంట్లో వండను? ఉన్న ఒక్క గిన్నే కరిగించేసినారు. అరసేతిలో వండుకోమంటావేటి?" అందట.

ఈ మాట సింహాచలం నాకు చెప్పకుండా ఉండాల్సింది. లేదు, చెప్పడమే మంచిదైంది.

నీళ్ళ వరసలో నిలబడితే అక్కడా ఇదే గొడవ. గున్నమ్మ వెళ్ళిపోతోందనగానే అందరికీ ఆ పులుసు గుర్తుకొచ్చింది. మూడో తలుపు అప్పన్న ఆ వాసన పదో సొరంగం దాకా వచ్చిందన్నాడు. అప్పటికి పుట్టని కుర్రకారు కూడా అలాంటి పులుసు ఈ గ్రహం మీద మళ్ళీ వండలేదని చెబుతున్నారు. తలా ఒక మాట అని చివర్న అందరూ నా వైపు చూశారు. నా వంతు నీళ్ళు పట్టుకుని వచ్చేశాను.

అంత గొప్ప పులుసుకు సాటి వచ్చేది నేను వండలేను. ఆ సంగతి నాకు తెలుసు. శనివారం బండి ఎక్కేలోగా ఆ గిన్నె ఆవిడ చేతికి వెళ్ళాలి, ఆవిడ నోటి నుంచి నాతో ఒక్క మాట రావాలి. తిట్టయినా ఫరవాలేదు.

గురువారం. మంట: 40 నిమిషాలు. మిగిలినది: 25.

ఇవాళ జరిగినది రాయడానికి మనసు రావడం లేదు. అయినా పుస్తకం పుస్తకమే.

సగం పప్పుతో ఒకసారి వండి చూద్దామనుకున్నాను. బాగుంటే అదే రేపు వెచ్చబెట్టి పెట్టొచ్చు. పంకా మూల నుంచి సన్నగా తిరిగేలా పెట్టాను. ఈ పుస్తకం మొదటి పేజీలో వంట సామాను జాబితా రాయాలి కదా, బరువు వరసలో. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత. ఆ ఫారం తయారుచేసింది నేనే. ఏ వరసలో రాశానో అదే వరసలో గిన్నెలో వేశాను. మొదట పప్పు, తర్వాత నీళ్ళతో కలిపి తూచిన చింతపండు రసం, తర్వాత గుమ్మడి, ఉల్లి, బెల్లం, మిరప.

పది నిమిషాలకు మరిగింది. ఇరవై నిమిషాలకు గుమ్మడి ముక్క కరిగిపోయింది. నలభై నిమిషాలకు కూడా పప్పు గులకరాయిలాగే ఉంది. నోట్లో వేసుకుంటే పంటి కింద టక్కుమంది. మంట ఆర్పేశాను.

సింహాచలం పరుగున ఎదురింటికి వెళ్ళి, ఏదో కబుర్లలో పెట్టి, తెలుసుకుని వచ్చింది.

"పులుపు ఆఖర్న ఎయ్యాలంటండీ. ముందే ఏస్తే పప్పు బిగుసుకుపోతాదంట. మొన్ననే చెప్పిందంట, నానే మర్చిపోయాను."

"నీ తప్పేం లేదు. నేను చేసిన ఫారం తప్పు" అన్నాను.

లీలారాణీ, ఆ ఫారం మార్పించు.

పాతిక నిమిషాలు మిగిలాయి. సింహాచలం మంట నాకు కలిసొచ్చేది కాదు, మంట హక్కు డెబ్బై నిండాకే, తనకు ఇంకా రెండేళ్ళుంది. మూడో రోజు నానుతున్న సగం పప్పు మాత్రం ఉంది. గుమ్మడి బద్ద ఇంకొకటి తెచ్చాను. తోట సొరంగంలో వాళ్ళు ఈసారి ఏమీ అడగలేదు. జాలి పడ్డారనుకుంటాను.

శుక్రవారం. మంట: 25 నిమిషాలు, తర్వాత 52 నిమిషాలు. కింద వివరణ.

సాయంత్రం ఐదింటికి వెలిగించాను. వేడి పోకూడదని పంకా పూర్తిగా ఆపేశాను. నా జీవితంలో మొదటిసారి. మంట ఎంత పెద్దది పెట్టొచ్చో అంతా పెట్టి, పప్పు ఒక్కటే వేసి, చేతిలో గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాను. గడియారాన్నే చూశాను. గరిటె పట్టుకోవాలని తోచలేదు.

పద్దెనిమిదో నిమిషానికి పప్పు మెత్తబడుతోంది. సంతోషం పట్టలేక సింహాచలాన్ని పిలిచాను. ఆవిడ వస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఏటో మాడుతంది" అంది. చూసేసరికి అడుగంటిపోయింది. పొగ గది నిండి, తలుపు కిందనుంచి సొరంగంలోకి పోతోంది. పాతిక పూర్తవగానే మంటపెట్టె దానంతట అదే ఆరిపోయింది. చింతపండు ఇంకా వెయ్యనేలేదు. గుమ్మడి ముక్కలు పచ్చివి పచ్చిగానే ఉన్నాయి.

తలుపు చప్పుడైంది. లీలారాణి. చేతిలో మీటరు మోగుతోంది.

ఈ ముక్క నీకు చెప్పక్కర్లేదు, అక్కడున్నది నువ్వే. అయినా రాస్తాను. పని నేర్పేటప్పుడు నీకు నేను చెప్పింది ఒకటే: ముందు మంట చూడు, తర్వాత గిన్నె చూడు, మనిషి మొహం ఆఖర్న చూడు. నువ్వు లోపలికి వచ్చి ముందు నా మొహమే చూశావు. ఆనాడు గున్నమ్మ ఇంట్లో నేను నిలబడ్డట్టే నిలబడి, "సార్, ఏమైంది సార్?" అన్నావు. నేను గిన్నె వైపు చూపించాను.

"పొగ హద్దు దాటింది సార్. మీ నిమిషాలు కూడా అయిపోయాయి. నేను... మీకు తెలుసు కదా" అన్నావు.

తెలుసు. పారబొయ్యాలి. నేనే గిన్నె ఎత్తి చెత్తగొట్టం వైపు తిరిగాను.

"పారబొయ్యకు."

గుమ్మంలో గున్నమ్మ. పొగకు దగ్గుకుంటూ కర్ర పట్టుకుని వచ్చేసింది. ఆ మాట ఎవరితో అందో తెలియలేదు. నేరుగా నా దగ్గరకు వచ్చి, నా చేతిలోని గిన్నెను రెండు చేతులా పట్టుకుంది. వేడిగా ఉందని సింహాచలం అరుస్తోంది. గున్నమ్మ వినిపించుకోకుండా గిన్నెను కాస్త ఎత్తి అడుగున వేళ్ళతో తడిమింది. చుక్కలు తగిలాయి. అక్షరం అక్షరం తడిమింది. ఆవిడ పెదాలు కదిలాయి గానీ పైకి ఏమీ వినబడలేదు.

"కరిగించలేదు. కరిగించినట్టు రాశాను. ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆ మూడే బయటికి వచ్చాయి.

గున్నమ్మ మమ్మల్నెవ్వర్నీ చూడకుండా మంటపెట్టె దగ్గరకు వెళ్ళి తన బొటనవేలు దాని మీద గట్టిగా నొక్కింది. తొంభై అని వెలిగింది.

"గుంటా, ఇది నా మంట. సట్టం ఒప్పుతాదా?" అని నిన్ను అడిగింది.

"ఒప్పుతుందమ్మా. కానీ ఆ గిన్నె..."

"గిన్నె నాదే. పేరు సూసుకో."

నువ్వు మీటరు ఆపి, జేబులో పెట్టుకుని, "గిన్నె సంగతి మీ పుస్తకంలో రాయండి సార్. నేను చదివేది నెలాఖరుకు" అన్నావు. పంకా సన్నగా వేసి, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి వేశావు.

అప్పుడు గున్నమ్మ నా వైపు తిరిగింది. పొయ్యికి అడ్డంగా నిలబడ్డది నేనే. సింహాచలం నోరు తెరవబోయింది, నన్ను జరగమనడానికి.

"జరుగు, మరిదీ" అంది గున్నమ్మ.

నేను జరిగాను. కళ్ళలో నీళ్ళు. పొగ వల్లనే అన్నాను. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నన్ను కూర్చోనివ్వలేదు. మాడిన అడుగు కదపకుండా పైపప్పంతా ఒక డబ్బాలోకి వంపించింది. "మాడ్సింది నువ్వే, తోమేదీ నువ్వే" అని గిన్నె నా చేతికిచ్చింది. బయటి ఎర్రదుమ్ముతో భుజాలు నొప్పెట్టేదాకా తోమాను. పప్పు మళ్ళీ పొయ్యెక్కింది. ఈసారి గరిటె నా చేతిలో పెట్టింది. "తిప్పు. ఆపకు. గడియారం కాదు, పప్పును సూడు." గుమ్మడి పడింది, ఉల్లి పడింది. పప్పు మెత్తబడ్డాక చింతపండు పులుసు పోసింది. ఉప్పు చేత్తోనే వేసింది. నిజంగానే కంటికి తెలుస్తుంది, ఆవిడ కంటికి. పోపు పెట్టినప్పుడు సింహాచలం వాసన పీల్చి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ముగ్గురం తిన్నాం. అంత తోమినా పులుసులో మాడు వాసన కొద్దిగా మిగిలే ఉంది. నేను తల దించుకుని, "ఆ రోజు పులుసు ముందు ఇదెంత! అంత గొప్పదాన్ని చేజేతులా పారబోశాను" అన్నాను.

గున్నమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. నవ్వింది. నవ్వు ఆగక పొలమారింది. సింహాచలం వీపు నిమిరింది.

"సరిగ్గా ఇదే వాసన. ఆ దినం కూడా మాడిపోనాది మరిదీ. గుంటకి జొరమని కంగార్లో అడుగంటబెట్టీసినాను. ఉప్పు కూడా ఎయ్యలేదు. నాను పారబోద్దామని లేస్తంటే నువ్వొచ్చి పారబోసినావు."

"మరి ఊరంతా..."

"ఊరంతా అమురుతం అంతంటే, కాదు మాడిపోనాదని ఎలగ సెప్పీది? సిగ్గు కాదేటి? నా కోపం పులుసుకి కాదు. మాయమ్మ గిన్నెకి."

గిన్నెలో పులుసు ఇంకా ఆవిరి కక్కుతోంది. ఆవిడ ఇంకో గరిటె నా కంచంలో వేసింది.

"అది కూడా పుస్తకంలో రాసీ. నాను ఎళ్ళిపోయాకే సదవమను" అంది. అందుకే రాశాను.

శనివారం. మంట: లేదు.

ఎనిమిదింటికి బండి వచ్చింది. నీలవేణి దిగింది, నలభైకి దగ్గర పడింది, మొహం మాత్రం ఆ మంచం మీది పిల్లదే. గున్నమ్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అడుగున ఇంత పులుసు మిగిలింది. పెద్ద గుమ్మటంలో అసలు మంటే ఉండదు, అక్కడ ఈ గిన్నె ఎందుకూ పనికిరాదు. కడిగి ఇస్తానంటే ఒప్పుకోలేదు. నీలవేణి అక్కడే బండి దగ్గరే వేలు ముంచి నాకి, "బాగుందమ్మా" అంది. నేను పెట్టాల్సిన గరిటె అది. ఇన్నేళ్ళు ఆలస్యమైంది.

బండి కదిలేముందు గున్నమ్మ, "సింహాచలం, జాగర్త" అంది. తర్వాత నేరుగా నాతో, "గరిటె తిప్పడం మర్సిపోకు" అంది.

ఇంటికి వచ్చి పుస్తకం పూర్తి చేశాను. తప్పు: పొగ హద్దు దాటింది, బాధ్యుడు బెవర దాలయ్య. తప్పు: 57వ సంవత్సరపు జప్తు రికార్డులో అబద్ధపు సంతకం, బాధ్యుడు అతనే. ఏ శిక్ష వేసినా అభ్యంతరం లేదు. మొదటి పేజీలో ఒక గడి తప్పుగా నింపాను. దాన్ని కొట్టేసి, పక్కన సరిగ్గా రాసి, సంతకం పెట్టాను.

రెండో మంట వెలిగించినవారు: చోడిపల్లి గున్నమ్మ.
అతిథితో బంధుత్వం: వదిన.